తువ్వాలు కింది ధర

ఆదోనిలో స్థలాల దళారులం పెట్టుకున్న సంఘానికి ఆయన కార్యదర్శి. నెలనెలా మొదటి ఆదివారం కొత్త నిబంధనలు చదివి వినిపించేవాడు. చదివే ముందు భుజం మీది తువ్వాలు తీసి, దులిపి, ఒళ్లో పరుచుకునేవాడు. ఆ దులపడం తలచుకుంటే నాకు ఇప్పటికీ వెగటు పుడుతుంది.

మా దళారులు కొనేవాడితో తువ్వాలు కింద చేతులు కలిపి, వేళ్లు నొక్కి ధర తేల్చుకునేవారు. అమ్మేవాడికి అది తెలిసేది కాదు; మధ్యలో మిగిలింది దళారికే. 1983 ఏప్రిల్ సభలో ఆయన చదివిన నిబంధన ఆ పద్ధతిని రద్దు చేసింది. ఇకపై ధరను అమ్మేవాడి ఎదుట నోటితోనే చెప్పవలెను. అది చదువుతున్నంతసేపూ ఆయన ఎడమ చేయి తువ్వాలు కింద, పక్కనున్న కొనుగోలుదారు చేతిలో ఉంది.

ఆ బేరం ఎమ్మిగనూరు నేతగాడొకడిది. భార్య ఆపరేషన్ కోసం ఉన్న ఒక్క స్థలమూ అమ్ముకోవడానికి వచ్చి, ఎదురుగా కూర్చున్నాడు.

"ఎంతకు తెగిందప్పా?" అని అడిగాడు.

"ఉండన్నా, ధర యాడికి పోతాది? నీ మంచికే సేస్తాండాను" అన్నాడు కార్యదర్శి.

"నోటితో సెప్పల్లని ఇప్పుడే గదప్పా సదివినావు!" అంటూ నేతగాడు తువ్వాలు లాగేశాడు. ఇద్దరి వేళ్లూ ఇంకా ముడిపడే ఉన్నాయి. ఎవరో నవ్వారు. కార్యదర్శి సిగ్గుపడలేదు. తువ్వాలు అందుకొని, దులిపి, భుజాన వేసుకున్నాడు.

మే నెల సభలో కొత్త నిబంధన చదివాడు: "సభ్యులు కానివారు సభ్యుల తువ్వాలు తాకరాదు." సరేనంటూ అందరూ చేతులెత్తారు. చెడిన ఆ నేతగాని బేరాన్ని మరే దళారీ ముట్టలేదు. జూన్‌లో అతడు కార్యదర్శి దగ్గరికే తిరిగి వచ్చి, ఈసారి ధర ఎంతని అడగకుండా కూర్చున్నాడు.