ఎవరూ వదలని నీళ్లు

మా ఊళ్లో చెరువును చూసేవాళ్లం ఒక గుంపు ఉన్నాం. నీళ్లున్న నెలల్లో కట్ట వెంబడి తిరిగి, కనబడిన కొంగనూ కప్పనూ నత్తనూ చేపనూ ఫోటో తీసి, ఎక్కడ ఎప్పుడు చూశామో ఫోన్లోకి ఎక్కిస్తాం. అందరూ కలిసి నన్ను పెద్దను చేసింది నా తెలివి చూసి కాదు, నా ఫోన్ కెమెరా చూసి. నేను ఇంట్లో రవికలు కుట్టుకునేదాన్ని. నీళ్లు లేని నెలల్లో మా గుంపుకు పని ఉండదు. వానలు తక్కువైన మా నల్లమాడ దిక్కున అలాంటి నెలలే ఎక్కువ.

గుంపులో అందరికంటే పెద్దది మా అత్త. ఆమె ఫోన్ ముట్టదు. ఆమె పని వేరే. చెరువు అడుగంటేటప్పుడు కొన్ని కొర్రమట్ట చేపల్ని పట్టి, బిందెలో తెచ్చి మా చేని బావిలో వదులుతుంది. మళ్లీ వానలు పడి చెరువులోకి నీళ్లు చేరితే వాటిని తీసుకుపోయి అక్కడ వదులుతుంది. విత్తనానికి దాచిన శనక్కాయల్ని ఎవరూ వేయించుకు తిననట్టే, ఆ చేపల జోలికి మా ఇంట్లో ఎవరూ పోరు. ఈ పని ఆమె అత్త చేసింది, ఇప్పుడు ఆమె చేస్తోంది. తర్వాత వంతు నాదని ఆమె అంటుంటుంది. నేను కుట్టుమిషను చప్పుడులో వినబడనట్టు ఉంటాను.

మొన్నటి ఎండాకాలం చెరువు ముందుగానే ఎండింది. చేపలు బావికి చేరాయి గానీ బావిలో నీళ్లు నడుము లోతు కూడా లేవు. చుట్టూ బోర్లు పడ్డాక దానికి ఊట తగ్గిపోయింది. ఆ చేపలు చస్తే మా చెరువుకు మళ్లీ కొర్రమట్ట విత్తనం లేదు. సరిగ్గా అప్పుడే విశాఖ దిక్కు నుంచి పిలుపు వచ్చింది. అక్కడ చేపలు పట్టుకుని బతికే ఒక ఊరి ఆడవాళ్లు, మేము చెరువును చూసినట్టే సముద్రపు ఒడ్డును చూస్తున్నారు. వచ్చి మాతో ఒక రోజు నమోదు చేయండి అన్నారు.

"నేను రాను పో. బావి ఎవురు చూస్తారు?" అంది మా అత్త.

"నీ కొడుకు చూస్తాడు లే అత్తా."

"వాడా? వాని ముఖం వాడు అద్దంలో చూసుకోడు, బావిలోకి తొంగి చూస్తాడా?"

చివరికి నా మొగుడు రోజూ బావి చూసి ఫోన్ చేస్తానని ఆమె తలమీద చెయ్యి పెట్టి చెప్పాక కదిలింది. రైల్లో దారి పొడుగునా కొడుక్కి ఫోన్ చేయించి నా చార్జింగ్ అంతా తినేసింది.

మర్నాడు పొద్దున్నే మమ్మల్ని రాళ్ల తీరానికి తీసుకుపోయారు. సముద్రం బాగా వెనక్కి పోయి ఉంది. రాళ్ల నడుమ గుంటల్లో కొంచెం కొంచెం నీళ్లు నిలిచి, వాటిలో చిన్న చేపలు, పీతలు, పువ్వులాగా విచ్చుకుని నీడ పడితే ముడుచుకునే జీవాలు ఉన్నాయి. మాకు ఒక గుంట చూపించారు. ఏడాదిగా ఆ గుంటను చూసుకుంటున్న ఆమె నా ఈడుదే. ఫోటోలు తీయండి, దేన్నీ ముట్టుకోవద్దు, జరపవద్దు, ఉన్నది ఉన్నట్టు ఎక్కించాలి అని మరీ మరీ చెప్పి పక్క గుంటకు వెళ్లింది. నేను పీతల ఫోటోల్లో మునిగిపోయాను.

కేక విని తల తిప్పాను. మా అత్త, ఆమెతో మా గుంపువాళ్లు ఇంకిద్దరు, సద్ది డబ్బాలు ఖాళీ చేసి, గుంటలోని చేపల్ని నీళ్లతో సహా ముంచుకుని, జారే రాళ్ల మీద చీరలు ఎగ్గట్టి సముద్రంలోకి పోసి వస్తున్నారు. గుంట సగానికి పైగా ఖాళీ.

"ఏటమ్మా ఇది! ముట్టుకోవద్దని చెప్పేను కదా!" అని ఆ గుంట చూసుకునే ఆమె తల పట్టుకుంది.

"నీళ్లు దిగిపోయినాయి కదమ్మా," అంది మా అత్త, తప్పు చేసినట్టు కాదు, అడ్డమొచ్చినందుకు కసురుకున్నట్టు. "ఇంగ రెండు దినాలు పోతే ఇవన్నీ సచ్చిపోతాయి."

"రెండు రోజులేటి? మనం భోజనాలు చేసేసరికి నీళ్లు వచ్చేస్తాయి."

"వస్తాయా? ఎవురు ఇడుస్తారు?"

ఆమె మా అత్త ముఖం చూసింది. కోపమంతా ఎటో పోయినట్టుంది. "ఎవరూ వదలరమ్మా. వాటంతటవే వస్తాయి. రోజుకి రెండుసార్లు," అంది మెల్లగా.

ఆ రోజు ఆ గుంట నమోదు చెడిపోయింది. ఇంత దూరం వచ్చి వాళ్ల పని పాడుచేశామని నాకు తల కొట్టేసినట్టయింది. పులిహోర పొట్లం ఇచ్చినా మా అత్త ముట్టలేదు. రాయి మీద కూర్చుని నీళ్లనే చూస్తోంది. అవి నిజంగానే వచ్చాయి. ముందు రాళ్ల సందుల్లోకి, తర్వాత గుంటలోకి, తర్వాత గుంట ఎక్కడుందో తెలియకుండా. ఆమె సంతోషపడుతుందనుకున్నాను. కొంగుతో ముఖం తుడుచుకుని, "ఈళ్లకు అడక్కుండానే ఇచ్చినాడే దేవుడు," అంది. అప్పుడు నాకు కూడా సముద్రం మీద కోపం వచ్చింది. ఇన్ని నీళ్లు, ఒక్కరూ తాగరు. అయినా రోజుకు రెండుసార్లు రాకపోకలు.

ఊరు చేరగానే ఆమె కాళ్లు కూడా కడుక్కోకుండా బావి దగ్గరకు పోయింది. నీళ్లు మోకాలి లోతుకు దిగాయి. మర్నాటి నుంచి పక్క చేని బోరు దగ్గర బిందె పట్టి, తెచ్చి బావిలో పోయడం మొదలుపెట్టింది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. దారిన పోయేవాళ్లకు ఇంతకంటే వినోదం ఏముంటుంది?

"ఏమక్కా, బావిలోంచి తోడేటోళ్లను చూసినాం గానీ, బావికి పోసేదాన్ని నిన్నే చూస్తాండాం!" అన్నాడు గొర్లు తోలుకుపోతున్న ఒకాయన.

"ఆడ సముద్రానికి దినానికి రెండు తూర్లు వస్తాయప్పా నీళ్లు. ఈడ యాడొస్తాయి? అందుకే నేను వస్తాండా," అంది ఆమె బిందె దించకుండానే.

ఆయన నవ్వలేదు. గొర్ల వెనకాల పోయాడు. నేను కుట్టుమిషను ఆపి, ఆ సాయంత్రం ఇంకో బిందె తీసుకున్నాను.

కొన్ని చచ్చాయి. తెల్లగా పైకి తేలినవాటిని ఆమె తీసి, నిమ్మచెట్టు కింద పూడ్చేది. మిగిలినవి గాలి కోసం పైకి వచ్చి గుటక వేసి పోయేవి. వానలు ఆలస్యంగా పడ్డాయి. చెరువు నిండలేదు, తూము దగ్గర మడుగు మాత్రం అయింది. బతికిన కొర్రమట్టల్ని ఆమె అక్కడ వదులుతుంటే ఫోటో తీసి ఎక్కించి, విశాఖలో గుంట చూసుకునే ఆమెకు కూడా పంపాను.

ఆమె వెంటనే ఫోన్ చేస్తే, మా అత్తకు కూడా వినబడేలా స్పీకర్ పెట్టాను. "మీ చెరువులోకి నీళ్లు వచ్చేయా?"

నేను జవాబు చెప్పేలోపు మా అత్త మోకాళ్ల లోతు నీళ్లలోంచి అరిచింది.

"వచ్చినాయని చెప్పు పాపా! ఎవురూ ఇడవలేదని గూడ చెప్పు!"