సున్నా వంతు

నేను బడిలో చదివింది ఎనిమిదో తరగతి వరకే. గుత్తిలో మోటార్లకు వైండింగు చేసుకుంటూ, అనంతపురంలో పాత పుస్తకాలు కొని తెచ్చి, పాస్కల్ అనే కంప్యూటరు భాష నేర్చుకున్నాను. నేర్పమని అడిగితే నవ్విన లెక్చరరు ముఖం ఇప్పటికీ గుర్తుంది. పాస్కల్‌లో వరుస ఏ అంకెతో మొదలుకావాలో రాసేవాడే చెప్పవచ్చు. మనిషికిచ్చే ఆ మర్యాద నాకు నచ్చింది. నేనెప్పుడూ ఒకటి అనే చెప్పాను.

మా చేనికీ పక్క చేనికీ బోరు ఒకటే. పక్క చేను ఆమె భర్త పోయాక ఒక్కతే సేద్యం చేసుకుంటోంది. కరెంటు వేళలు మారుతుంటాయి కాబట్టి, ఎవరు ముందన్న గొడవ రాకుండా నేనొక ప్రోగ్రాం రాశాను. పొద్దున్నే ఇద్దరి ఫోన్లకూ ‘ఈరోజు మీ వంతు 1’, ‘మీ వంతు 2’ అని పోయేది. వంతువాళ్లు రాకపోతే నీళ్లు ఆపకుండా రెండోవాళ్లు పారించుకోవాలి. ఒకరోజు పారితే మరునాడు బోరు ఊరడానికి వదిలేయాలి. ఇవి మా కట్టుబాట్లు.

ఆ చలికాలం నా పాత కంప్యూటరు మొరాయించింది. బెంగళూరు ఉద్యోగం మా ఇంటి నుంచే చేసుకుంటున్న నా మేనకోడలు దాంట్లో లినక్స్ వేసి, ప్రోగ్రామును పైథాన్‌లో తిరగరాసింది. లినక్స్‌తో నాకు పేచీ లేదు. ముసలి యంత్రాన్ని పారెయ్యకుండా పని చేయించుకుంది. పేచీ అంతా పైథాన్‌తోనే.

“సున్నా నుంచి లెక్కేమిటి? చుట్టు వెయ్యకముందే చుట్టు యాడిది?” అన్నాను.

“నీ వైండింగు మిషను మీటరు యాడ మొదలైతాది మామా?”

“సున్నా దగ్గరే. అది చుట్టకముందు.”

“ఇదీ అంతే. లోకమంతా ఇట్లే రాస్తాండారు.”

“లోకం వచ్చి మన చేన్లకు నీళ్లు కడ్తాదా?”

ఆమె నవ్వుతూ టైపు చేసుకుంటూ పోయింది.

మరునాడు నా ఫోనుకు ‘మీ వంతు 1’ అని వచ్చింది. ముందు నాదేననుకుని, కరెంటు రాగానే నా వాల్వు తిప్పాను. నా సమయం అయిపోయినా ఆమె రాలేదు. కట్టుబాటు ప్రకారం ఆ నీళ్లూ నా మిరప చేనికే పారాయి.

తెల్లవారి పక్క చేను ఆమె మా గడపలోకి వచ్చింది.

“ఏమన్నా, నిన్న నా ఫోనుకు ‘మీ వంతు 0’ అని వచ్చె, నా వంతు సున్నా చేసినారా? ఒక మాట చెప్పింటే ఏం పోతాండె? నీళ్లు లేవనుకోని నేను కలుపు కూలికి పోతి. సెనక్కాయకు ఊడలు దిగే టయం. నేల గట్టిపడితే ఊడ యాడ దిగుతాది, కాయ యాడ పడుతాది?”

నేను మేనకోడలి వైపు తిరిగాను. “చూసినావా నీ పైథాన్ ఏం చేసిందో.”

“పైథాన్ కాదు మామా, నేనే చేసినా. మెసేజిలో దాని లెక్కే పంపిచ్చినా.” ఆమె వైపు తిరిగి, “అక్కా, సున్నా అంటే మొదటి వంతు. నిన్న నీదే ముందు,” అంది.

“మొదటిదాన్ని ఒకటి అనక ఇంగేమంటారు పాపా?”

“మా అవ్వ గింజలు కొలిచేటప్పుడు ఒకటి అనేదే లేదు,” అంది మేనకోడలు. “శుభమని దాని బదులు లాభం అని, లాభం, రెండు, మూడు అని కొలుస్తాండె.”

“ఆ మాటంటే నాకు తెలుస్తాది పాపా.”

“లాభం అంకె కాదు,” అన్నాను.

“సున్నా కన్నా మేలే గదన్నా,” అంది పక్క చేను ఆమె.

మేనకోడలు అప్పుడే కూర్చుని మార్చింది. లోపల దాని సున్నా దానికుంది. ఫోనుకు మాత్రం మొదటివారికి ‘మీ వంతు లాభం’, తరువాతివారికి ‘మీ వంతు రెండు’. ఇది గెలుపో ఓటమో నాకు తెలియదు. ఆమె చేనులో నేల మాత్రం ఇంకా ఎండుతూనే ఉంది.

“పాండి, మోటరు ఏస్తా,” అన్నాను.

“ఈపొద్దు బోరు ఊరల్ల గదన్నా. నువ్వు పెట్టిన కట్టుబాటే. నా మీద దయ సూపిచ్చొద్దు.”

“దయ యాడిది? నీ నీళ్లు నా చేన్లో ఉండాయి.”

బోరు చాలాసేపు గాలే కక్కింది. తర్వాత ఎర్రగా, సన్నగా నీళ్లు వచ్చాయి. ఆమె మట్టి తీసే చనిక తీసుకుని సాలు వెంట పోయి, నీళ్లు మళ్లేలా మొదటి మడవ తిప్పింది. వంగి ఒక చెట్టు మొదట్లో మట్టిని బొటనవేలితో నొక్కి చూసింది. రెండో సాలుకు పోయింది. నీళ్లు కడ సాలు చేరేదాకా నేను వాల్వు దగ్గరే నిలబడ్డాను.