జాకీకి బాతుమాంసం పథ్యం

2022 జూన్. ఏలూరులో నేను క్లినిక్ పెట్టి అప్పటికి పద్దెనిమిదేళ్లు. పశువుల డాక్టరునే గానీ నా దగ్గరికి వచ్చేవి ఎక్కువగా కుక్కలే. అందులోనూ సగం కడుపు గొడవలు. మలం రంగు, వాసన, చిక్కదనం గురించి పెద్దమనుషులతో పొద్దస్తమానం మాట్లాడటమే నా ఉద్యోగం. ఈ విషయంలో నాకు చెయ్యి తిరిగిందని అనుకునేదాన్ని. జాకీ వచ్చాక ఆ మాట మళ్లీ అనుకోలేదు.

జాకీ నాలుగేళ్ల లాబ్రడార్. తాడేపల్లిగూడెంలో ఎవరో అపార్ట్‌మెంటులోకి మారుతూ వద్దనుకుంటే సత్తిబాబు గారు, ఆయన భార్య వెంకటలక్ష్మి తెచ్చుకున్నారు. వాళ్లది కైకలూరు దాటాక, కొల్లేటి వైపు చేపల చెరువుల మధ్య ఊరు. పగలంతా సత్తిబాబు గారు చెరువు గట్టు మీద మకాంలో ఉంటారు. మకాం అంటే మేత బస్తాలకీ కాపలాకీ వేసుకునే రేకుల పాక. జాకీ పొద్దున్నే ఆయన వెంట వెళ్లి, సాయంత్రం ఆయనతోనే ఇల్లు చేరేవాడు.

ఆటో మాట్లాడుకుని ముగ్గురూ వచ్చారు. లాబ్రడార్ అంటే మామూలుగా పీపాలా ఉంటుంది. వీడికి పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు.

"ఐదు నెలల్నించీ ఇంతేనండి," అంది వెంకటలక్ష్మి. "రెండ్రోజులు గట్టిపడినట్టే ఉంటాది, మళ్లీ నీళ్లేనండి. చుట్టుపక్కలోళ్లు ఎక్కడన్నా గట్టు మీద వదిలేసి రమ్మంటన్నారండి. ఒకళ్లు వదిలేత్తేనే కదండీ వీడు మా దగ్గరికొచ్చాడు? మేం కూడా వదిలేత్తే మనుషుల గురించి ఏవనుకుంటాడండీ?"

ఆ మాటకి నేను వాణ్ణి బాగుచేసి తీరాలనుకున్నాను. ఇలా పంతం పట్టడం డాక్టరుకి మంచిది కాదు, అయినా పట్టాను.

పరీక్షలు చేశాను. మలంలో పురుగులు లేవు. రక్తం పర్వాలేదు. యాంటీబయాటిక్‌లు అప్పటికే రెండుసార్లు ఇంకెక్కడో వాడారు. నా అనుమానం ఫుడ్ రెస్పాన్సివ్ ఎంటరోపతీ మీదికి పోయింది. తినేదాంట్లో ఏదో ఒకటి పడక పేగు వాచి ఉండటం అన్నమాట. దీనికి మందు తిండే. ఎలిమినేషన్ డైట్ అని పెడతాం. ఆ కుక్క పుట్టి బుద్ధెరిగాక తినని మాంసం ఒకటి, తినని దుంప ఒకటి తీసుకుని, కొన్ని వారాలు ఆ రెండే పెట్టాలి. మూడోది నోటికి తగలకూడదు. చాలా కుక్కలకి రెండు వారాల్లోనే తేడా కనిపిస్తుంది.

"వీడు ఇంతవరకూ తిననిదేముందమ్మా?"

చేపా, కోడీ, గుడ్డూ, పాలూ, వేటమాంసం, అన్నీ తిన్నాడు. చివరికి సత్తిబాబు గారే, "బాతు తినలేదండి," అన్నారు. కోతలయ్యాక పొలాల్లో బాతుల మందలు దిగే ప్రాంతం కాబట్టి అది దొరకడం కష్టం కాదు. బాతుమాంసం, చిలగడదుంప, రెండూ ఉడకబెట్టి, ఉప్పూ పసుపూ నూనే లేకుండా పెట్టమన్నాను.

వెంకటలక్ష్మి లాంటి మనిషిని నా సర్వీసులో మళ్లీ చూడలేదు. వాడి వంటకి విడిగా గిన్నె, గరిట కొంది. మలానికి మేం ఒకటి నుంచి ఏడు దాకా స్కోర్ వేస్తాం. ఒకటంటే రాయి, ఏడంటే నీళ్లు. ఆ స్కోరు రోజూ గోడ క్యాలెండరు మీద రాసి, ఆ కాగితాలు చింపి నా దగ్గరికి తెచ్చేది. ఆరు, ఆరు, ఐదు, ఏడు. నాలుగో వారంలో ఒక ఐదు రోజులు మాత్రం మూడుకి దిగింది. మళ్లీ ఆరు.

ఐదో వారం నాకు కోపం వచ్చింది. పథ్యం చెడగొట్టి డాక్టరుని తప్పుపట్టేవాళ్లని చాలామందిని చూశాను.

"ఏం దాస్తున్నారమ్మా? బిస్కెట్లా, పాలా? నిజం చెప్పకపోతే నేనేం చెయ్యలేను."

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. "మా జాకీ మీదొట్టండి. మీరు చెప్పిందే పెడతన్నానండి."

"అదే పెడతందండి మేడం, నేను రోజూ చూత్తానే ఉన్నాను," అన్నారు సత్తిబాబు గారు పక్కనుంచి.

నమ్మాను. నమ్మాక మిగిలిన దారి ఒకటే. తిండి వల్ల కాదంటే పేగు తన మీద తనే తిరగబడుతోందని అనుకుని ప్రెడ్నిసొలోన్ మొదలుపెట్టడం. అది స్టెరాయిడ్, ఒంట్లో రోగనిరోధక శక్తిని అణిచేస్తుంది. మొదలుపెట్టే ముందు కెమెరా గొట్టంతో పేగు లోపల చూడాలి, కానీ ఆ వసతి మా చుట్టుపక్కల లేదు. రాసిచ్చాను.

పది రోజులు బాగుంది. స్కోరు నాలుగుకి వచ్చిందని వెంకటలక్ష్మి ఫోన్లోనే ఏడ్చింది. మూడో వారం జ్వరం వచ్చింది. చిగుళ్లు తెల్లబడ్డాయి. ఒంటిని పట్టి రక్తం తాగే గోమార్ల వల్ల రక్తంలో చేరి ఎన్నాళ్లుగానో అణిగి ఉన్న టిక్ ఫీవర్, స్టెరాయిడ్ తెరిచిన తలుపులోంచి పైకి లేచింది. స్టెరాయిడ్‌కి ముందే ఆ పరీక్ష చేయించాల్సింది. చేయించలేదు. నాలుగో రోజు పొద్దున్న పదింటికి, సెలైన్ ఎక్కుతుండగానే నా టేబుల్ మీద పోయాడు.

రెండు వారాల తర్వాత సత్తిబాబు గారు ఒక్కరే వచ్చారు. మిగిలిన మాత్రలు కవర్లో తెచ్చారు.

"ఇంకెవరి కుక్కకన్నా పనికొత్తాయండి," అని కూర్చున్నారు. కాసేపు జాకీ గురించే మాట్లాడారు. "ఆఖర్లో ఆవిడ పెడితే మూతి తిప్పేసుకున్నాడండి. నేను పెరుగన్నం ముద్ద పెడితే మాత్రం తిన్నాడండి. నా ముద్ద ఏనాడూ కాదన్లేదండి ఆడు."

"ఏనాడూ అంటే?"

"రోజూనండి. మధ్యానం మకాంలో కేరేజీ తింటాను కదండీ, ఆఖరి ముద్ద ఆడిదేనండి."

"పథ్యంలో ఉన్నప్పుడు కూడానా?"

"తిండంటే ఇంటికాడ ఆవిడ పెట్టేదేనండి. ఇది ముద్దే కదండీ. ఎదురుగా కుక్క కూచునుండగా మనం గిన్నె ఖాళీ చేసేత్తే అరుగుద్దాండీ?"

నాలుగో వారంలో ఐదు రోజులు ఎక్కడికైనా వెళ్లారా అని అడిగాను. బావమరిది చెరువులో చేపల పట్టుబడికని ఉండి అనే ఊరు వెళ్లారట. అన్ని రోజులూ జాకీ ఇంట్లోనే ఉన్నాడు. పెరుగు అందలేదు, పేగు కుదుటపడింది. జవాబు ఆ క్యాలెండరు కాగితం మీదే ఉంది. నేను చూసి పక్కన పెట్టాను.

ఆయన నాతో అబద్ధం ఆడలేదు. ఇంకా బాధ ఏమిటంటే, నాకు ఈ సంగతి తెలియనిది కాదు. నేను పుట్టింది నల్లజర్లలో. మా నాన్న పొలం గట్టు మీద ఆఖరి ముద్ద కుక్కకి పెట్టకుండా చెయ్యి కడిగిన రోజు నేను చూడలేదు. దాన్ని మేమెవరం కుక్కకి తిండి పెట్టడం అనుకోలేదు. అన్నీ తెలిసినదాన్నై ఉండి, వెంకటలక్ష్మిని దోషిలా నిలదీశాను గానీ, పక్కనున్న మనిషిని నువ్వెక్కడ తింటావు, ఎవరితో తింటావు అని అడగలేదు.

"ఏవండీ, నావల్ల ఏవన్నా తప్పు జరిగిందాండీ?" అన్నారాయన, నా మొహం చూసి.

"లేదండీ," అన్నాను.

ఇప్పుడు కుక్కకి ఏం పెడుతున్నారని ఎవరినీ అడగను. ఇంట్లో ఎవరెవరు ఎక్కడ కూర్చుని తింటారు, తినేటప్పుడు కుక్క ఎక్కడుంటుంది అని అడుగుతాను. ముద్దలు బయటపడతాయి. ఆపిస్తాను. మాత్ర లేకుండానే చాలా కుక్కలకి తగ్గిపోతుంది. తగ్గినప్పుడల్లా వాళ్లు సంతోషంగా వెళ్తారు. నాకు మాత్రం ఇంత తేలిగ్గా తగ్గేదానికి జాకీని చంపుకున్నానే అనిపిస్తుంది. ఈ కేసు నేర్పింది అదే. ఎందరికి తగ్గినా నా బెంగ మాత్రం తగ్గలేదు.

పోయినేడు వెంకటలక్ష్మి బస్టాండు దగ్గర కనిపించింది. మళ్లీ కుక్కని తెచ్చుకోలేదట.

"డాక్టరమ్మగారూ, బాతు సరిగ్గా ఉడికేది కాదేమోనండి. నా వంటలోనే తేడా వచ్చిందేమోనండి," అంది.

"నీ వంటలో ఏ తేడా లేదమ్మా. నిన్ను ఆరోజు అనరాని మాటన్నాను. నువ్వు పథ్యం తప్పలేదు," అన్నాను.

ఆమె మొహం తేటపడింది. ఒక్క క్షణమే.

"మరెందుకు తగ్గలేదండీ?"

నాకు తెలుసు. చెప్తే, ఆ ఇంట్లో ఇద్దరూ ఇంక జన్మలో ఎదురెదురుగా కూర్చుని అన్నం తినలేరు.

"తెలియదమ్మా," అన్నాను.