పావణే తీన్ టర్బో

కరోనా వెళ్ళిపోయిన మరుసటి చలికాలంలో నన్ను నాందేడ్ నుంచి భోకర్ శాఖకు సర్వీస్ ఇన్‌ఛార్జిగా పంపారు. మాది ట్రాక్టర్లు అమ్మే డీలర్ వర్క్‌షాపు. అక్కడ మెకానిక్ మీద హెడ్ మెకానిక్, హెడ్ మెకానిక్ మీద సూపర్‌వైజర్, అందరి మీదా సర్వీస్ ఇన్‌ఛార్జి ఉంటాడు. ఇన్‌ఛార్జి మీద సీలింగు ఫ్యాను ఉంటుంది. అది తిరగదు.

చేరిన వారానికే గంగారెడ్డి పటేల్ వచ్చాడు. భోకర్ అవతల సరిహద్దు ఊళ్ళో చెరుకు, పత్తి పండించే రైతు. మనిషి ఎంత పొడుగంటే, మా గేటులో తల దూర్చిన కాసేపటికి గాని కాళ్ళు లోపలికి రాలేదు. వాళ్ళ ఊరి జాతరలో ఏటా ట్రాక్టర్ల పందెం పెడతారు. గెలిచిన బండి ఏడాది పొడుగునా దేవుడి పల్లకి ముందు నడుస్తుంది, మొదటి కొబ్బరికాయ దాని బంపరు మీదే కొడతారు. ఆ మర్యాదను మరాఠీలో మాన్ అంటారు. గత రెండు జాతర్లుగా ఆ మాన్ పటేల్ బామ్మర్ది రాజారామ్ ఎగరేసుకుపోతున్నాడు.

"అత్తగారింటికి పోతే అన్నం ముంగట వెట్టి, పల్లకి ముచ్చట తీస్తడు సాబ్. ముద్ద దిగుతలేదు. బండికి టర్బో వెట్టియ్యాలె మీరు," అన్నాడు.

టర్బో అంటే ఏమిటో తెలియనివారికి ఒక్క మాట. ఇంజిన్ వదిలే పొగ ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసుకు అటు చివర ఉన్న ఇంకో చక్రం బయటి గాలిని ఇంజిన్‌లోకి కుక్కుతుంది. గాలి ఎక్కువైతే డీజిల్ ఎక్కువ మండుతుంది, బండి ఉరుకుతుంది. చిక్కంతా కొలతలో ఉంది. టర్బో చిన్నదైతే వెంటనే లేస్తుంది గాని, వేగం పెరిగాక పొగకు దారి ఇరుకవుతుంది. పెళ్ళిలో మొదటి బంతి లేవనిదే రెండో బంతి కూర్చోలేనట్టు, పాత పొగ బయటికి పోనిదే కొత్త గాలి లోపలికి రాదు. దీన్ని మేం ఎదురు ఒత్తిడి అంటాం. టర్బో పెద్దదైతే ఈ బాధ ఉండదు. కాకపోతే అది నిద్ర లేచేసరికి జాతర ముగిసి, మిఠాయి దుకాణాలు కూడా సర్దేస్తారు.

టర్బో పెడితే కంపెనీ వారంటీ పోతుంది కాబట్టి, కుర్చీలో కూర్చున్నంతసేపు నేను ఒప్పుకోలేదు. లేచి నిలబడి ఒప్పుకున్నాను. పందెం దూరం అడిగితే, కమిటీ అధ్యక్షుడు పావణే దోన్‌శే మీటర్లు అన్నాడని చెప్పాడు. మరాఠీలో పావణే అంటే పావు తక్కువ. దోన్‌శే అంటే రెండు వందలు. అందులో వందకు పావు తక్కువ, అంటే నూట డెబ్బై అయిదు. ఇంజిన్ సైజు, తిరిగే వేగం, ఆ దూరం పెట్టి లెక్క కట్టాను. నా లెక్కకు వర్క్‌షాపులో పిచ్చుకలు సైతం నోరు మూసుకున్నాయి. నాందేడ్ పాత సామాన్ల బజారుకు పోయిన పటేల్‌కు ఫోన్‌లో మా వర్క్‌షాపు భాష మరాఠీలోనే చెప్పాను: పొగ బయటికి పోయే మూతి పావణే తీన్ ఇంచులు ఉండాలి. అంటే రెండుముప్పావు.

పందెం రోజు పొద్దున వాళ్ళ ఊరికి వెళ్ళి బానెట్ ఎత్తి చూద్దును కదా, లోపల ఏనుగు పిల్ల పడుకుని ఉంది. పదహారు చక్రాల లారీది కాబోలు ఆ టర్బో. ఊరి వెల్డరు దానికి పట్టీలు వేసి, కొత్తల్లుడికి బాసింగం కట్టినట్టు బిగించాడు. టేపు పెట్టాను. మూతి మూడుంపావు.

"పటేలా, నేను చెప్పిందేంది, నువ్వు తెచ్చిందేంది?"

"మీరే అన్నరు గద సాబ్, పావు, మూడు అని. రెండు కలిపితే మూడుంపావే గద!"

పటేల్ మరాఠీ గలగల మాట్లాడతాడు గాని, చదువు తల్లిగారి ఊళ్ళో, తెలంగాణ వైపు సాగింది. లెక్క మాత్రం తెలుగులోనే వేస్తాడు. పావణేలో ణే ఆయనకు వినపడదు.

మార్చే వ్యవధి లేదు. నా అంచనా ప్రకారం ఆ టర్బో రెండు వందల మీటర్లు దాటాక కన్ను తెరుస్తుంది. అప్పటికి పందెం అయిపోతుంది. ఆ మాట చెప్పాను. పటేల్ ముఖం వడలిపోయింది. ఆయన భార్య లక్ష్మీబాయి మాకు చాయ్ ఇస్తూ, "మీరు గెల్చినా, మా తమ్ముడు గెల్చినా, వండేది నేనే. జల్ది ఓడి రాండ్రి," అంది.

రాజారామ్ బండి ముస్తాబై వచ్చింది. దానికి చిన్న కారు టర్బో, సైలెన్సర్ చివర ఈల వేసే ఇరుకు గొట్టం. ఆ ఈలకు పక్క ఊరి కుక్కలు జవాబు చెబుతున్నాయి. "బావా, అక్కను నా బండెక్కనియ్యి, పల్లకి ముంగట కూసుంటది," అన్నాడు. పటేల్ మీసం నమిలాడు.

రుమాలు ఊపారు. రాజారామ్ బండి తోక తొక్కిన పిల్లిలా దూకింది. పటేల్ బండి మాత్రం పొగ వదిలింది. ఆ పొగ చూసి ఉమ్రి స్టేషన్‌లో ఎవరో బొగ్గు రైలొచ్చిందని మూటలు నెత్తికెత్తుకున్నారట. సగం దూరానికి రాజారామ్ నాలుగు బండ్ల దూరం ముందున్నాడు. అక్కడి నుంచి అతని ఇంజిన్‌కు ఊపిరి చాలలేదు. చిన్న టర్బో, దాని మీద ఈల గొట్టం. పొగ పోయే దారి లేక బండి గొంతులో రొట్టె అడ్డం పడ్డట్టు గురగురలాడింది. అయినా ముందే ఉన్నాడు. నా లెక్క ప్రకారం పందెం అయిపోయింది. నేను తల దించుకున్నాను.

అప్పుడు లేచింది ఏనుగు పిల్ల. మొదట సన్నని కూత, ఆ వెంటనే నా టోపీ ఎగిరిపోయేంత గాలి. పటేల్ బండి బామ్మర్దిని దాటి, జెండాను దాటి, ఆగడం మరిచిపోయి చెరుకు తోటలో దూరింది.

సంతోషం తర్వాత, ముందు లెక్క. నా లెక్క తప్పడానికి వీల్లేదు. టేపు పట్టుకుని బయల్దేరాను. జెండా రెండు వందల ఇరవై అయిదు మీటర్ల దగ్గర ఉంది! ఎవరు పాతారని అడిగితే, చెరుకాకులు దులుపుకుంటూ పటేలే వచ్చాడు. ఆ ఏడు జెండా పాతే వంతు ఆయనది.

"అధ్యక్షుడు జెప్పినట్టే పాతిన సాబ్. పావు, రెండొందలు."

పావు వందను రెండొందలకు కలిపాడు. టర్బోను పెద్దది చేసిన ణే, మైదానాన్ని కూడా పొడుగు చేసింది.

రాజారామ్ ఎగిరిపడ్డాడు. "నూట డెబ్బై అయిదు కాడ నేనే ముంగటున్న! గిదేం న్యాయం?"

"గంతదూరమే అయితే ఆడ్నే ఆగకపోయినవ్? ఎవడు ఉరకమన్నడు?" అన్నాడు పటేల్.

అధ్యక్షుడు మరాఠీ పెద్దమనిషి. "ఝెండా జిథే, శర్యత్ తిథే," అని తీర్పు చెప్పాడు. జెండా ఎక్కడో పందెం అక్కడే. ఇద్దరూ ఆ జెండానే చూసి బయల్దేరారు, ఇద్దరికీ దూరం ఒకటే. కొబ్బరికాయ పటేల్ బంపరు మీద పగిలింది. ఆ పూట లక్ష్మీబాయి వడ్డిస్తుంటే, ముద్ద దిగనిది ఈసారి తమ్ముడికి.

టర్బోకు మంచి కొలత, చెడ్డ కొలత అని విడిగా ఉండవు. లెక్క ఇంజిన్ దగ్గర మొదలై జెండా దగ్గర ముగుస్తుంది. నూట డెబ్బై అయిదులో ఓడే టర్బోయే రెండు వందల ఇరవై అయిదులో గెలుస్తుంది. ఆ తర్వాత ఉద్యోగం వదిలేదాకా నేను ఏ కొలతనైనా మరాఠీలో ఒకసారి, తెలుగులో ఒకసారి చెప్పి, టేపు మీద వేలు పెట్టించి పంపాను. జెండా పాతే పని మాత్రం, నా సలహా మీద, పటేల్ ఏటా తనే అడిగి తీసుకుంటున్నాడు.