మా అమ్మాయి మాటను నేను దిద్దిన కాలం

మొన్న ఫిల్మ్‌నగర్‌లోని ఒక డబ్బింగ్ థియేటర్లో, నా వయసులో సగం కూడా లేని దర్శకుడొకడు నేను రాసిన కాగితాలు చదివి, ఎంతో మర్యాదగా నాకే తిరిగి ఇచ్చేశాడు. పరభాషా చిత్రాల్లో కదిలే పెదాలకు తెలుగు మాటలు అతికించి ఇన్నాళ్ళూ ఇల్లు గడుపుకొచ్చినవాణ్ణి నేను. ఈసారి వచ్చిన చిత్రంలో కథానాయిక బస్తీ పిల్ల, తెలంగాణ మాట కావాలన్నారు, సరేనని రాసుకుపోయాను. "మంచిగనే ఉంది సార్, గానీ మనోళ్ళు గిట్ల మాట్లాడరు. మీ ఇంట్ల ఎవరన్న ఉంటే ఒక్కసారి సదివించుండ్రి" అన్నాడు.

మా ఇంట్లో ఒకరు ఉండేవారు. ఆ నోట ఆ మాట లేకుండా చేసినవాణ్ణి నేనే. కాగితాలు మడిచి సంచిలో పెట్టుకుని బయటికొచ్చి, కారెక్కాను. మా బంధువుల్లో మా అమ్మాయి గురించి ఒక కథ ప్రచారంలో ఉంది. అది అబద్ధం. దాన్ని పుట్టించినవాణ్ణి కూడా నేనే కాబట్టి, సరిచేయవలసిన బాధ్యత కూడా నాదే.

మాకు పిల్లలు పుట్టలేదు. ఎదురుచూసి ఎదురుచూసి చివరికి దత్తతకు రాసుకుంటే, ఆరేళ్ళ పిల్ల వచ్చింది. మేము గోదావరి జిల్లా వాళ్ళం, అప్పటికి శ్రీనగర్ కాలనీలో అద్దెకుండేవాళ్ళం. ఆ పిల్లను అంతవరకూ పెంచింది వాళ్ళ అవ్వ. మోతీనగర్ అంగట్లో చింతచిగురు, గోంగూర అమ్మేదట. ఒంట్లో శక్తి పోయాక పిల్లను తానే తెచ్చి శిశుగృహంలో అప్పగించిందట. ఇంతకు మించి మాకెవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు.

వచ్చిన కొత్తలో పిల్ల తన తెలంగాణ యాసలో గలగలా మాట్లాడేది. నా ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఆనాటి సినిమాల్లో ఆ యాస ప్రతినాయకుడి వెనక నిలబడే రౌడీకో, నవ్వించడానికి పెట్టిన పాత్రకో తప్ప పలికేది కాదు. అలా రాసినవాళ్ళలో నేనూ ఉన్నాను. బళ్ళో పిల్లను చూసి నవ్వుతారేమోనని నా భయం. అందుకని అన్నం దగ్గరా, స్నానం దగ్గరా, బడికి తీసుకెళ్ళే దారిలోనూ ప్రతి మాటా దిద్దేవాణ్ణి. మా ఆవిడ ఊరుకోమనేది. ఊరుకుంటే అది నా వృత్తి ఎందుకవుతుంది?

ఒక సాయంత్రం నేను వరండాలో కూర్చుని పని చేసుకుంటుంటే, పిల్ల వచ్చి నా మోకాలి మీద చెయ్యి వేసి, "మా అవ్వ ఏడున్నదో నీకెర్కేనా? జర తీస్కపోతవా?" అని అడిగింది. నేను తలెత్తకుండానే, ఏడ కాదమ్మా, ఎక్కడ అనాలి, తీసుకెళ్తారా అనాలి అన్నాను. పిల్ల వెంటనే, "మా అవ్వ ఎక్కడుందో మీకు తెలుసా? నన్ను తీసుకెళ్తారా?" అని ఒక్క అక్షరం తప్పులేకుండా అప్పజెప్పింది. శభాష్ అని వీపు తట్టి మళ్ళీ నా కాగితాల్లో పడిపోయాను. మాట దిద్దాను గాని, అడిగినదానికి జవాబు చెప్పలేదు. మోతీనగర్ మా ఇంటికి ఎంత దూరమని! పిల్ల మళ్ళీ ఎన్నడూ అడగలేదు.

ఆ తరువాత క్రమంగా మాటలు తగ్గిపోయాయి. రాత్రుళ్ళు పక్క తడిపేది, పప్పులో గోంగూర కనిపిస్తే కంచం ముందునుంచి లేచిపోయేది. దత్తత ఇప్పించిన సంస్థవాళ్ళు జూబ్లీహిల్స్‌లో ఒక కౌన్సెలింగ్ మేడమ్ దగ్గరికి పంపారు. పెద్ద బంగళా, మేడమీద చిన్న గది, అందులో ఇసుక పోసిన చెక్క తొట్టి, నాలుగు బొమ్మలు. ఆవిడ పిల్లతో పాటు నేలమీద కూర్చుని ఇసుకలో గీతలు గీస్తుండేది, నేనేమో బయట కుర్చీలో కూర్చుని, ఇదేం వైద్యమని పళ్ళు నూరుకునేవాణ్ణి. ఒకనాడు మమ్మల్ని లోపలికి పిలిచి, పిల్ల మాటను దిద్దకండి, అవ్వ ఇంటి నుంచి తనతో తెచ్చుకున్నది అదొక్కటే అని చెప్పింది. అవ్వ గురించి అడిగితే ఏం చెప్పాలని మా ఆవిడ అడిగింది. తెలియకపోతే తెలియదనే చెప్పండి, అదీ జవాబే, జవాబు రాకపోతేనే పిల్లలు అడగడం మానేస్తారు అంది మేడమ్.

నేనేం చేశానో చెబితే పరిశ్రమలోవాళ్ళే నవ్వుతారు. మేడమ్ అడగబోయే ప్రశ్నలు ఊహించి, పిల్లకు జవాబులు రాసిపెట్టాను. జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దగ్గర ట్రాఫిక్‌లో కారు ఆగినప్పుడల్లా రిహార్సల్. నాకు పాతవేమీ గుర్తులేవు, అమ్మానాన్నల దగ్గర నాకు చాలా సంతోషంగా ఉంది, ఇలాంటివి. పిల్ల గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది. మేడమ్ అంతా విని, పిల్లను పక్కగదిలోకి పంపి, నావైపు తిరిగి, "ఈ మాటలు ఎవరు రాశారండీ?" అని మెల్లగా అడిగింది.

అంతే, నాకు తల తీసేసినట్టయింది. ఇక ఆ మెట్లెక్కలేదు. మానేసినందుకు ఏదో ఒక కారణం కావాలి గనుక, ఆవిడ పాతవన్నీ తవ్వి పిల్ల మనసు విరిచేస్తోందని అందరికీ చెప్పాను. మొన్న ఒక పెళ్ళిలో కూడా మా ఆవిడ అన్నగారు, "ఆ మేడమ్ దగ్గరికి తిప్పకపోతే పిల్ల చక్కగా మనలో కలిసిపోయేదండీ బావగారూ" అని నిట్టూర్చాడు. నేను పక్కనే కూర్చుని పెరుగన్నం కలుపుకున్నాను.

అమ్మాయి ఇప్పుడు బ్యాంకులో ఉద్యోగం చేస్తూ కూకట్‌పల్లిలో హాస్టల్లో ఉంటోంది. ఆదివారాలు వస్తుంది, నాన్నగారూ అంటూ కుశలం అడుగుతుంది, అమ్మకు మందులు తెస్తుంది. వేలెత్తి చూపడానికేమీ లేదు. డబ్బింగ్ బాగా కుదిరిన సినిమాలా ఉంటుంది ఆ పిల్ల మాట. ఎక్కడా ఊపిరి వినబడదు. ఆ గొంతుకు మాటలు రాసింది నేనేనని తలుచుకుంటే నా మీద నాకే చిరాకు పుడుతుంది.

దర్శకుడు కాగితాలు తిప్పి ఇచ్చిన సాయంత్రం, దారిలో ఆ బంగళా ముందు ఆగాను. ఇప్పుడది కాఫీ హోటలు. మేడమీది గదికి నిలువునా అద్దాలు బిగించారు, లోపల కుర్రాళ్ళు ఫోటోలు దిగుతున్నారు. ఒకప్పుడు దిద్దుకోవలసిన మాటకు ఈ ఫిల్మ్‌నగర్‌లో ఇప్పుడు గిరాకీ పెరిగింది, బస్తీలు పోయినచోట ఆ మాట మాత్రం పోస్టర్లకెక్కింది. మేడమ్ ఏ ఊరు వెళ్ళిపోయిందో చెప్పగలవారెవరూ లేరు.

అక్కడినుంచే అమ్మాయికి ఫోన్ చేశాను. రాసినవి ఒకసారి చూసిపెడతావా అని అడిగితే, "నాకు ఆ భాష రాదు నాన్నగారూ, ఎవరైనా తెలంగాణవాళ్ళని అడగండి" అంది, అదే మర్యాదతో. ఇక ఫోన్ పెట్టేయవలసింది. కానీ నోట్లోంచి నేను రాసుకోని మాట వచ్చేసింది. చిన్నప్పుడు అవ్వ గురించి అడిగావు, నేను జవాబు చెప్పలేదు, వెతుకుదామా అన్నాను.

 అవతలినుంచి, ఎన్నో ఏళ్ళుగా వినని గొంతొకటి, "గిప్పుడు ఏడని ఎతుకుతవ్?" అంది.

తెలియదమ్మా, అన్నాను. ఆ రోజు వరండాలో నేను అనవలసింది కూడా ఈ ఒక్క మాటే.