పీతల పేపరులో మొదటి పేరు

మొన్న ఎవరో పరిశోధక విద్యార్థి ఫోన్ చేసి, "మేడమ్, మీ పీతల పేపరు చదివినా. ఎంత జాగ్రత్తగా రాసినారో!" అని తెగ మెచ్చుకున్నాడు. మీ పేపరట! అతను పొగుడుతున్నంతసేపూ నాకు ముళ్ళ మీద కూర్చున్నట్టే ఉంది. అది నాది కాదు బాబూ అన్న మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. థాంక్స్ చెప్పి పెట్టేశాను.

ఆ పేపరు రాసింది మా కాలేజీ జువాలజీ డిపార్ట్‌మెంటులో నా పక్క కుర్చీ అమ్మాయి. నాకంటే పన్నెండేళ్ళు చిన్నది. వాళ్ళ నాన్నకు గూడూరులో బట్టల కొట్టు. చేరిన మొదటి రోజే నన్ను అక్కా అనేసింది. ఆమెను చూస్తే నాకు కుళ్ళు. దాచడమెందుకు? నేను జర్నళ్ళకు పంపిన వ్యాసాలు మూడుసార్లూ పోయినంత వేగంగా వెనక్కొచ్చాయి. ఆమె మాత్రం రెండేళ్ళపాటు ముత్తుకూరు అవతల ఉప్పుటేటి గట్టున, పీతలు పట్టే ఒక తాత పక్కన మోకాలి లోతు బురదలో నిలబడింది. ఆయన వ్యాపారికి లెక్కపెట్టి ఇచ్చే పీతలన్నిటినీ సైజుల వారీగా రాసుకుంది. ఒక్క వేసవి సెలవుల్లో వ్యాసం పూర్తిచేసి నా బల్ల మీద పెట్టింది. అదే ఆమె మొదటి వ్యాసం.

"పంపే ముందు నువ్వొకసారి చూడక్కా. ఏదన్నా తప్పుంటే ఆదిలోనే నా పేరు చెడిపోతాది" అంది.

చూశాను. కామాలు దిద్దాను, రిఫరెన్సుల్లో సంవత్సరాలు సరిపోల్చాను, జర్నలువాళ్ళు అడిగినట్టు పట్టికలన్నీ చివరికి చేర్చాను. రెండో పట్టిక దగ్గర నా చెయ్యి ఆగింది. మా వైపు పీతలమ్మేవాళ్ళు ఇరవైకి ఒకటో రెండో చిన్నవి కొసరు వేస్తారు. కొసరు లెక్కలోకి రాదు. ఆ కొసరు కోసం మా అమ్మ గట్టు మీద ఎంత రభస చేసేదో! బట్టల కొట్టు పిల్లకు ఇదేం తెలుసు? తాత లెక్కపెట్టకుండా గంపలోకి విసిరినవి ఆమె పుస్తకంలోకే ఎక్కలేదు. అందుకే ఏట్లో చిన్న పీతలు కరువయ్యాయని తేల్చేసింది. అయ్యిందా నీ పని, అనుకున్నాను. సంతోషం వేసింది. ఎంత పాపిష్టి సంతోషమో! పది రోజులు కాగితాలు దగ్గర పెట్టుకుని, "బాగుందమ్మా" అని తిరిగిచ్చేశాను.

పంపే రోజు ఆమె కంప్యూటరు ముందు కూర్చుంది, నేను వెనక నిలబడ్డాను. రచయితల పేర్లు అడిగినచోట మొదటి గడిలో నా పేరు కనిపించింది.

"ఏందే ఇది?" అన్నాను.

"నువ్వు పది రోజులు కూర్చోని దిద్దినావు గదక్కా. నీ పేరు ముందుంటే నాకేం తక్కువ?"

ఇక ఆ తప్పు నా పేరు మీద వెళ్తుంది. "ఆగవే, నొక్కొద్దు!" అని అరిచాను. కొసరు సంగతి అప్పుడే గుర్తొచ్చినట్టు చెప్పాను. ఆమె మౌసు వదిలేసి నా రెండు చేతులూ పట్టుకుంది.

"అల్లా కాపాడినాడు! భలే టైముకి గుర్తొచ్చింది గదక్కా నీకు!"

కొసరుతో సహా మళ్ళీ లెక్క రాయడానికి ఇంకో ఏడాది పట్టింది. ఆ ఏడాదంతా బురదలో దిగింది ఆమె, గొడుగు కింద కూర్చున్నది నేను. చిన్న పీతలు ఏట్లో బాగానే ఉన్నాయన్న మాటతో పేపరు అచ్చయింది. మొదటి పేరు నాదే. తీసెయ్యమని నేను ఒక్కసారైనా అనలేదు. నేను వెనక్కి జరిగితే ఆమె ముందుకొస్తుంది, అది చూడలేకపోయాను. ఇప్పుడామె తడ వైపు ఒక కాలేజీలో పనిచేస్తోంది. పండక్కి ఫోన్ చేసినప్పుడల్లా "ఆ రోజు నా పరువు నిలబెట్టింది నువ్వే" అంటుంది. నేను ఊఁ కొడతాను. తెలిసి తెలిసి పది రోజులు నోరు మూసుకున్నానని ఇలా కాగితం మీద పెట్టడానికి నాకు పదేళ్ళు పట్టింది.