రెండు డ్రమ్ముల రొయ్యలు

నా చిన్నప్పుడు మా తాతయ్యకు పంజాగుట్టలో చేపల దుకాణం ఉండేది. ఆదివారం పొద్దున్నే ఎక్కడి చెరువుల నుంచో రొయ్యలు నీళ్ల డ్రమ్ముల్లో, ప్రాణాలతోనే, లారీ మీద అమీర్‌పేట దాకా వచ్చేవి. అక్కడి నుంచి ట్రాలీ ఆటోలో తెచ్చుకునేవాళ్లం.

నాకు తొమ్మిదేళ్లప్పుడు ఒక ఆదివారం నేనూ వెళ్లాను. తాతయ్య ముందు డ్రైవరు పక్కన కూర్చున్నాడు. నేను వెనక, రెండు డ్రమ్ముల మధ్య. ఊరికే ఒక డ్రమ్మును అరచేత్తో చరిచాను. లోపల రొయ్యలన్నీ ఒక్కసారిగా ఎగిరి మూతకు తగిలాయి. నవ్వొచ్చి మళ్లీ చరిచాను. దారి పొడవునా అదే ఆట. పంజాగుట్ట చేరేసరికి ఎంత చరిచినా లోపల చప్పుడు లేదు.

దుకాణంలో మూతలు తీశారు. ఒక డ్రమ్ములో రొయ్యలు మీసాలు ఆడిస్తూ తిరుగుతున్నాయి. నేను చరిచిన దాంట్లో పక్కకు ఒరిగి, కాళ్లు మాత్రం సన్నగా కదుపుతున్నాయి. తాతయ్య రెండింటి నుంచీ నాలుగేసి తీసి, ఉప్పూ పసుపూ వేసి విడివిడిగా ఉడికించి, రెండు పళ్లేలు నా ముందు పెట్టాడు.

మొదటి పళ్లెంలోవి గట్టిగా, తియ్యగా ఉన్నాయి. రెండో దాంట్లోవి నోట్లో పెట్టగానే నీరు కారి, పిండిలా విడిపోయాయి.

“ఇవి సచ్చినవా తాతా?” అని అడిగాను.

“లేదు బిడ్డా. రెండు సుత పానం ఉన్నప్పుడే వండిన. అసలే దూరంకెళ్లి అలిసొచ్చినయి. నువ్వు కొట్టినప్పుడల్లా సచ్చిపోతున్నమని ఎగిరినయి. గట్ల కొట్టుకుంటే ఒంట్ల బలమంత ఖతమైతది, కండ మెత్తబడ్తది.”

రెండో పళ్లెం పక్కకు జరిపాను. “నీకు వినబడిందా?”

“మొదటిసారే వినబడ్డది. నీ అంతట నువ్వే ఆపుతవేమోనని చూసిన.”

ఆ డ్రమ్ములోవి ఆయన ఎవరికీ అమ్మలేదు. ఇంట్లో విందు పెట్టుకున్న పాత గిరాకీ ఒకాయన, “బతికే ఉన్నయి గదా, ఇయ్యి” అని పట్టుబట్టాడు. “ఇయ్యాల బాగలేవు భాయ్. తప్పు నాది” అన్నాడు తాతయ్య, నా వైపు చూడకుండా.

లోపలి చప్పుడు ఆగిపోయినప్పుడు నాకు కలిగింది జాలి కాదు, విసుగు. ఆ విసుగే ఇన్నేళ్లుగా నన్ను వెంటాడుతోంది. తాతయ్యను కూడా ఆ రోజు జ్ఞాపకం వదిలిపెట్టలేదు. మంచం పట్టిన రోజుల్లో, ఎవరూ అడగకుండానే, “నేనే ఆపాల్సింది బిడ్డా” అన్నాడు.

ఇప్పుడు అదే అమీర్‌పేటలో, మైత్రీవనం వెనక ఆడపిల్లల హాస్టల్ నడుపుతున్నాను. కొత్తగా ఊరి నుంచి దిగిన పిల్లను ఆ రోజు ఏమీ అడగను. అన్నం పెట్టి గది చూపిస్తాను. మొన్న ఒక తండ్రి పెట్టె కూడా దింపకుండానే, “నీ మార్కులెన్నో మేడమ్‌కు చెప్పు” అంటూ కూతుర్ని గద్దించాడు. పిల్ల ఒక అడుగు వెనక్కి వేసింది. ఆయనే ఆపుతాడేమోనని నేను చూడలేదు.

“జర ఆగుండ్రి సార్” అని మధ్యలోకి వెళ్లి నిలబడ్డాను.